పదమూడు పాయింట్ ఎనిమిది వోల్టుల నేరం

మా డివిజన్‌లో గుత్తుల నూకరత్నం గారి మీద క్రమశిక్షణా చర్య మొదలవడానికి కారణం, ఆవిడ పని చక్కగా చేస్తోందని మెచ్చుకుంటూ వచ్చిన ఒక ఉత్తరం. ఆ ఉత్తరానికి నంబరు వేసిందీ, దాని మీద ఫైలు తెరిచిందీ నేనే. వరద సమాచార డివిజన్‌లో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా చేతి మీదుగా వెళ్లిన కాగితాల్లో తేదీగానీ అంకెగానీ తప్పు పోయిందని ఎవరూ అనలేదు. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పడానికి నేను తగినవాణ్ణే అనుకుంటాను.

ఉత్తరం రాసింది కంట్రోల్ రూమ్ వాళ్లు. కొత్తగరువు లంక వైర్‌లెస్ కేంద్రం నుంచి వచ్చే గోదావరి నీటిమట్టం కబురు మూడు వారాలుగా అన్ని కేంద్రాలకంటే స్పష్టంగా వినిపిస్తోందనీ, అక్కడి ఆపరేటరుకు తమ అభినందనలు అందజేయమనీ అందులో ఉంది.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఉపద్రష్ట విశ్వనాథం గారు దాన్ని రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మూడోసారి చదివారు.

"రామలింగం గారూ, ఈ లంక నుంచి మనకు ఇదివరకు ఉత్తరాలు వచ్చాయి కదూ?"

"మూడు వచ్చాయండి. జూన్‌లో పిడుగు పడి వాళ్ల పవర్ సప్లై కాలిపోయింది. మనం కొత్తది పంపించాం. అది పన్నెండు వోల్టులే ఇస్తోంది, వైర్‌లెస్ సెట్టుకి పదమూడు పాయింట్ ఎనిమిది కావాలి, మాట్లాడబోతే మధ్యలో గొంతు తెగిపోతోంది అని ఆపరేటరు మూడుసార్లు రాసింది."

"మనం ఏమని జవాబిచ్చాం?"

"'సరఫరా చేయబడిన పరికరము కొత్తది అగుటచే అందు లోపముండుటకు అవకాశము లేదు' అని ఇచ్చామండి. మూడుసార్లూ."

"నాలుగో ఉత్తరం?"

"రాలేదండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి పైకప్పు వైపు చూశారు. "ఫిర్యాదు ఆగిపోయింది. పని బాగుపడింది. మనం మాత్రం ఏమీ చేయలేదు. దీని వెనక ఏదో జరిగింది రామలింగం గారూ. మీరు స్వయంగా వెళ్లి చూసి రండి."

స్టోరు నుంచి వోల్టులు కొలిచే మీటరు సంతకం పెట్టి తీసుకుని మర్నాడు ఉదయం రేవుకి వెళ్లాను. అవతలికి దాటించడానికి మల్లాడి వీర్రాజు పడవతో ఉన్నాడు. అతను లంక కేంద్రంలో గేజ్ రీడరు. ఏట్లో పాతిన కొలబద్ద మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో గంట గంటకీ చూసి నూకరత్నం గారికి చెప్పడం అతని పని. ఆవిడ ఆ అంకెను వైర్‌లెస్‌లో కంట్రోల్ రూమ్‌కి చెప్పాలి. అక్కడినుంచి లాంచీలు కదలాలా వద్దా అన్నది తేలుతుంది. అరవై ఇళ్ల ఆ లంకకి వానాకాలంలో ఉన్న భరోసా అంతా ఇంతే.

కేంద్రం అంటే లంకలోకెల్లా ఎత్తయిన చోట కట్టిన ఒక శ్లాబు గది, పక్కన ఇనుప పైపు మీద ఏరియల్. నూకరత్నం గారికి నలభై దాటి ఉంటాయి. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, ఆ లంకలోనే పుట్టి ఆ లంకలోనే కాపురం చేసుకుంటున్న మనిషి. నన్ను చూడగానే కొబ్బరి బోండాం కొట్టించి చేతికిచ్చింది. అది తాగుతూనే వచ్చిన పని చెప్పాను.

"మార్చేనండి. దాచేదేముందండి ఇందులో," అంది. పవర్ సప్లై తీగ ప్లగ్గులోంచి లాగేసింది. "తీగ పీకేసినా దీని కడుపులో మూడొందల వోల్టులు ఇంకా కూర్చునుంటాయండి. తొందరపడి చెయ్యి పెడితే లాగి కొడతది." తరవాత మూత తీసి, రెండు తీగలు కట్టిన బల్బు ఒకటి లోపల ఆనించింది. బల్బు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. అప్పుడు లోపల చూపించింది.

"ఈ పెట్టె కరెంటు ఇచ్చేసి ఊరుకోదండి. తాను ఇస్తున్నది ఎంతుందో అస్తమానం రుచి చూసుకుంటా ఉంటాది. మనం పులుసు కాసేటప్పుడు గరిటెతో తీసి నాలిక్కి రాసుకుంటాం కదండీ, అలాగ. చప్పగా ఉంటే ఉప్పేస్తాది, సరిపోతే చెయ్యి వెనక్కి తీసుకుంటాది. ఆ గరిటె ఇదిగోనండి, అన్నం మెతుకంత రెసిస్టరు. దీని పక్కన ఇంకోటి అతికించేను. ఇప్పుడు గరిటెలోకి కాస్త తక్కువొస్తది. పెట్టేమో చప్పగా ఉందనుకుని ఇంకాస్త ఇస్తాది. పన్నెండు కాస్తా పదమూడు పాయింట్ ఎనిమిదైంది."

"పక్కనే ఇదేదో మర ఉందే. ఇది తిప్పితే పెరగదా?"

"తిప్పేనండి. పదమూడు దగ్గర ఆగిపోయింది. మళ్లీ వెనక్కి తిప్పేసి ఇది అతికించేను. లోపల కెపాసిటర్లు కూడా పదహారు వోల్టులవే ఉంటే, అంచున ఉన్నట్టవుద్దని పాతిక వోల్టులవి వేసేను. రోజూ చెయ్యి పెట్టి చూస్తన్నాను. గంటసేపు మాట్లాడినా వేడెక్కట్లేదండి."

"అంటే, తక్కువ ఇస్తున్నావు అని ఆ పెట్టెకి చెప్పారన్నమాట."

"చెప్పడం అంటే..." ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "నమ్మించేనండి."

నేను ఆ మాటను కొటేషన్లలో రాసుకున్నాను. సాక్షి చెప్పిన మాట సాక్షి చెప్పినట్టే రాయాలి.

వీర్రాజు గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "ఆయ్, అంతకుముందు మా చెల్లెమ్మ అరిచిన అరుపులకి లంకలో కొంగలన్నీ లేచిపోయేయండి. కంట్రోల్ రూమోడికి మాత్రం వినబడేది కాదు. ఇప్పుడు నెమ్మదిగా మాటాడినా 'చాలమ్మా, చెవులు పగిలిపోతన్నాయి' అంటన్నాడండి."

మీటరు పెట్టి చూశాను. పదమూడు పాయింట్ ఎనిమిది. స్టాక్ రిజిస్టరులో పన్నెండు. రెండూ రాసుకుని వచ్చేశాను.

నా రిపోర్టులో విశ్వనాథం గారు ఒక్క మాట కింద ఎర్ర సిరాతో గీత గీశారు.

"'నమ్మించేను.' చూశారా? పెట్టె ఇస్తున్నది పన్నెండు. అది తెలిసి కూడా, నువ్వు పన్నెండు ఇవ్వడం లేదు అని దాన్ని నమ్మించింది. దీన్ని మరమ్మతు అనరు రామలింగం గారూ. ఒక ప్రభుత్వ పరికరానికి ఉద్దేశపూర్వకంగా తప్పుడు సమాచారం ఇవ్వడం అంటారు. మోసం అంటారు."

"పరికరాన్ని మోసం చేయడానికి రూలు ఉందాండి?"

"మోసం చేయకూడదని రూలు ఉంది. ఎవర్ని అన్నది అందులో చెప్పలేదు. చెప్పలేదంటే అందర్నీ అనే కదా."

ఆయన వాదనలో నాకు లోపం కనపడలేదు. అభియోగ పత్రం ఆ సాయంత్రమే తయారు చేశాను. సీలు తొలగించి ప్రభుత్వ పరికరమును తెరచుట మొదటి అభియోగం. సదరు పరికరమునకు దాని ఉత్పత్తి విషయమై అసత్య సమాచారమునిచ్చి మోసగించుట రెండోది. తద్వారా సదరు పరికరముచే, దానికి మంజూరైన స్థాయికి మించి ఒకటి పాయింట్ ఎనిమిది వోల్టుల అదనపు విధులు నిర్వహింపజేయుట మూడోది.

ఇక పవర్ సప్లై సంగతి. అది నేరానికి వాడిన వస్తువా, నేరానికి గురైన పక్షమా అన్న ప్రశ్న వచ్చింది. మోసపోయినవారు ఎప్పుడూ బాధితులే అని విశ్వనాథం గారు తేల్చారు. కాబట్టి ఫైలులో దాని పేరు 'బాధిత పరికరము' అయింది. దాన్ని లంక నుంచి తెప్పించి నా గదిలో ఉంచాం. అటెండరు దాన్ని నేల మీద పెట్టబోతే ఆయన వారించి కుర్చీ వేయించారు. ఆ కుర్చీ ఆఫీసు పనిమీద వచ్చేవాళ్లు కూర్చునేది. అప్పటినుంచి వాళ్లు నిలబడ్డారు.

దాని బదులు లంకకి వేరే పరికరం పంపాలా అని అడిగాను. ఉన్న పోస్టులో మనిషి సెలవులో ఉండగా కొత్త మనిషిని వేయలేం కదా అన్నారు. 'తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు అందుబాటులో గల వనరులతో విధులు నిర్వర్తించవలెను' అని మెమో వెళ్లింది. వీర్రాజు తన పడవ బ్యాటరీ పీకి వైర్‌లెస్‌కి కట్టాడని తరవాత తెలిసింది. అది పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి మాట్లాడడానికి సరిపోయేది. మిగతా పొద్దంతా బ్యాటరీ పడవలో ఉండాలి. గంట గంటకీ వెళ్లాల్సిన కబురు రోజుకి రెండుసార్లు వెళ్లసాగింది.

విచారణాధికారిగా జొన్నాడ త్రిమూర్తులు గారిని వేశారు. నలభై విచారణలు చేసిన మనిషి. ఆయన ఇచ్చిన ఏ నివేదికా అప్పీలులో వీగిపోలేదని పేరు. మొదటి రోజునే ఒక చిక్కు లేవదీశారు.

"మోసపోయినవారి వాంగ్మూలం లేకుండా మోసం రుజువు కాదు. బాధిత పరికరాన్ని పిలవండి."

మీటింగు హాలు గుమ్మంలో నిలబడి అటెండరు మూడుసార్లు పిలిచాడు. "పవర్ సప్లై హాజరూ." మూడో పిలుపుకి నేను దాన్ని ఎత్తుకొచ్చి టేబులు మీద పెట్టాను. మాట్లాడే అవకాశం ఇవ్వాలంటే ప్లగ్గు పెట్టాలని త్రిమూర్తులు గారే అన్నారు. పెట్టాను. లోపలి ఫ్యాను తిరగడం మొదలైంది.

"నీలో జరిగిన మార్పు నీ అంగీకారంతోనే జరిగిందా?" అని ఆయన తెలుగులో అడిగారు. రెండు నిమిషాలు ఆగారు. "రాసుకోండి రామలింగం గారూ."

'పరికరము సన్నని ధ్వని చేయుచు సమాధానము దాటవేసినది' అని రాశాను.

"ఒత్తిడిలో ఉంది పాపం," అన్నారు విశ్వనాథం గారు.

నూకరత్నం గారు ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుంది. లంక నుంచి రెండు రేవులు మారి వచ్చింది. బాధిత పరికరాన్ని ఎదురు ప్రశ్నలు వేసుకోవచ్చని ఆవిడకి చెప్పారు. ఆవిడ లేచి వచ్చి పెట్టె మీద అరచెయ్యి ఆనించింది.

"చల్లగానే ఉందండి."

"అది ప్రశ్న కాదమ్మా."

"అయితే మిమ్మల్నే అడుగుతానండి. మా వైర్‌లెస్ సెట్టు కూడా ప్రభుత్వానిదే కదండీ. నాకు పదమూడు పాయింట్ ఎనిమిది కావాలని దాని వీపు మీదే రాసుందండి. పన్నెండిచ్చి, నీకిది చాలు అని దాన్నెవరు నమ్మించారండి?"

త్రిమూర్తులు గారు ఫైలు మొదటి పేజీకి వెళ్లి చూసి, మళ్లీ వెనక్కి వచ్చారు. "సదరు సెట్టు ఈ విచారణ పరిధిలో లేదు," అన్నారు.

రెండో రోజంతా ఆ మర మీద గడిచింది. తయారీదారే పదమూడు దాకా పెంచుకోవడానికి మర పెట్టాడంటే, అంతవరకు నమ్మించడానికి పరికరం పుట్టుకతోనే ఒప్పుకున్నట్టు కాదా అన్నది ప్రశ్న. చివరికి త్రిమూర్తులు గారు ఒక వోల్టు మేరకు ఆమెకు సంశయలాభం ఇచ్చారు. మిగిలిన సున్నా పాయింట్ ఎనిమిది వోల్టుల మేరకు మోసం నిస్సంశయంగా రుజువైందన్నారు. ఏ చేతులతో మార్చిందో ఆ చేతులతోనే, ఏ చోట మార్చిందో ఆ చోటనే, అధికారుల సమక్షంలో పరికరాన్ని దాని సహజ స్థితికి తీసుకురావాలని తీర్పు.

దాంతోపాటు ఒక సర్క్యులర్ వెళ్లింది. తన అధీనంలో ఉన్న ఏ పరికరానికీ తప్పుడు సమాచారం ఇవ్వలేదని ప్రతి ఉద్యోగీ ధ్రువపత్రం ఇవ్వాలి. మూడో రోజునే మా సూపరింటెండెంటు ఒక సంగతి ఒప్పుకున్నాడు. ఉద్యోగులు వేళకి వస్తారని ఆఫీసు గోడ గడియారాన్ని పదేళ్లుగా పది నిమిషాలు ముందుకి పెట్టి ఉంచుతున్నాడట. గడియారాన్ని సరిచేసి అతనికి మెమో ఇచ్చాం. అప్పటినుంచి ఆఫీసు మొత్తం పది నిమిషాలు ఆలస్యంగా వస్తోంది, కానీ సత్యంగా వస్తోంది.

పరికరాన్ని సహజ స్థితికి తెచ్చే కార్యక్రమం ఆగస్టులో పెట్టుకున్నాం. దీనికి ఎవరైనా జూనియర్ ఇంజనీరు చాలని నేను నోట్ పెట్టాను. ఆగస్టులో లంకకి వెళ్లడం తన బాధ్యత అని విశ్వనాథం గారు పట్టుబట్టారు. అది పులస చేపల కాలం.

విశ్వనాథం గారూ, త్రిమూర్తులు గారూ, నేనూ రేవు చేరేసరికి ఏరు ఎర్రగా ఉంది. నురగ, తుంగ దుబ్బులు కొట్టుకొస్తున్నాయి. పడవలో కూర్చుంటూ విశ్వనాథం గారు వీర్రాజుని అడిగారు.

"పులస ఏమైనా పడిందా?"

"ఈ నీళ్లకి వలెయ్యలేమండి. పొద్దున్నించి గంటకి జానెడు చొప్పున ఎక్కుతందండి. పైన బాగా కొట్టేసినట్టుంది." కాస్త ఆగి అన్నాడు. "ఈ కబురు పంపుదామంటే బ్యాటరీ పడవలో ఉందండి. మీరొత్తన్నారని."

నేను పరికరాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

కేంద్రంలో పని పావుగంటలో అయిపోయింది. ఊళ్లో కరెంటు తెల్లవారుజామునే పోయింది కాబట్టి చిన్న జనరేటరు వేశారు. నూకరత్నం గారు సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించుకుని, తాను అతికించిన రెసిస్టరును ఊడదీసి నా చేతిలో పెట్టింది. ఎగ్జిబిట్ నంబరు వేసి కవరులో పెట్టి సీలు వేశాను. మీటరు పన్నెండు చూపించింది. త్రిమూర్తులు గారు సంతృప్తిగా తల ఊపారు. 'పరికరము సత్యస్థితిని పొందినది' అని ధ్రువపత్రం రాసి, ముగ్గురం సంతకాలు చేశాం.

అప్పటికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. వీర్రాజు పరుగున వచ్చాడు.

"చెల్లెమ్మా, కొలబద్ద మునిగిపోయింది. దిగువ పేట ఇళ్లలోకి వచ్చేసింది. నా పడవలోకీ నీళ్లొచ్చి బ్యాటరీ తడిసిపోయింది, పడవ కూడా ఇక ఆగేలా లేదు."

నూకరత్నం గారు మైకు అందుకుంది. "కంట్రోల్, కంట్రోల్, కొత్తగరువు." మీట నొక్కగానే సెట్టు మీది దీపం మసకబారింది. అవతల ఎవరో "ఏ కేంద్రం? మళ్లీ చెప్పండి, ఏ కేంద్రం?" అంటున్నారు. వాళ్ల మాట మాకు వినిపిస్తోంది. మా మాట వాళ్లకి వెళ్లడం లేదు. ఆవిడ నాలుగుసార్లు పిలిచింది. ఐదోసారి అవతలివాళ్లు వేరే కేంద్రంతో మాట్లాడడం మొదలుపెట్టారు.

విశ్వనాథం గారు సెల్‌ఫోన్ తీసి చూసుకున్నారు. టవర్ పొద్దున్నే పడుకుంది.

ఇళ్లలోంచి జనం ఒక్కొక్కరే కేంద్రం మెట్ల దగ్గరికి రాసాగారు. మూటలు, మేకలు, దూడలు. ఒక ముసలావిడ కోళ్లగంప నెత్తి మీద పెట్టుకుని తిన్నగా విశ్వనాథం గారి దగ్గరికే వచ్చింది.

"బాబూ, లాంచీలు ఎప్పుడొత్తాయి?"

"విషయం పరిశీలనలో ఉందమ్మా."

ఆవిడ గంప దించి, పరిశీలన అయ్యేదాకా కూర్చుందామన్నట్టు ఆయన కాళ్ల దగ్గరే కూర్చుంది.

ఆయన లోపలికి వచ్చి గొంతు తగ్గించారు. "ఏమ్మా, దాన్ని మళ్లీ పదమూడు పాయింట్ ఎనిమిది చేయడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఐదు నిమిషాలండి. తమరు చెప్పండి, చేసేస్తాను."

"నేను చెప్పకూడదు," అన్నారు ఆయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూసి నాకు జాలి వేసింది. నిజంగానే చెప్పాలనుకుంటున్నారు. "తుది నివేదికను మార్చే అధికారం నాకు లేదు. సూపరింటెండింగ్ ఇంజనీరు గారిది. ఆయన్ని అడగాలి."

"ఎలా అడుగుతారండి?"

ఆయన వైర్‌లెస్ సెట్టు వైపు చూశారు. మేమందరం చూశాం.

త్రిమూర్తులు గారు అనుభవజ్ఞులు. కంగారుపడలేదు. అత్యవసర సమీక్షా సమావేశం జరిపి, పై అధికారి ఆమోదానికి లోబడి తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వవచ్చని సలహా ఇచ్చారు. సమావేశం గదిలో ఓ మూలనున్న మంచం మీద మొదలైంది. నేను స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. 'ప్రస్తుత విపత్కర పరిస్థితుల దృష్ట్యా, పైన ఉదహరించిన పరికరమును, దాని మనోభావములకు భంగము కలుగని రీతిలో...' ఆ మాట ఉంచాలా తీసేయాలా అని ఇద్దరూ కాసేపు చర్చించారు. కిటికీలోంచి చూస్తే మొదటి మెట్టు కనపడలేదు. ఒక అక్షరం వంకర పోయింది. కొట్టేసి మళ్లీ రాశాను.

నాలుగో పేరాలో ఉండగా నూకరత్నం గారు స్క్రూడ్రైవరు తీసింది.

"అమ్మా, ఇంకా సంతకం కాలేదు," అన్నారు త్రిమూర్తులు గారు.

"మీరు రాసుకోండయ్యా. నేను మీ పనికి అడ్డురాను."

బల్బు ఆనించింది. అది వెలిగి ఆరింది. కవరులో సీలు వేసిన రెసిస్టరు జోలికి వెళ్లలేదు. పాత రేడియో బోర్డు మీద నుంచి ఇంకోటి ఊడదీసి, రంగుల గీతలు కిటికీ వెలుతుర్లో సరిచూసుకుని అతికించింది. మీటరు పెట్టింది. పదమూడు పాయింట్ ఏడు.

"కంట్రోల్, కంట్రోల్, కొత్తగరువు. కొలబద్ద మునిగింది. దిగువ పేట మునిగింది. అరవై ఇళ్లు, గొడ్లున్నాయి. లాంచీలు కావాలి."

"కొత్తగరువు, స్పష్టంగా ఉంది. మూడు లాంచీలు బయలుదేరుతున్నాయి. ఇంతసేపూ ఏమైపోయారమ్మా?"

ఆవిడ మా వైపు చూసింది. "ఆఫీసరు గార్లు వచ్చేరండి. ఆ హడావిడిలో ఉన్నాం," అంది.

లాంచీలు వచ్చేసరికి నీళ్లు గది గుమ్మం తాకుతున్నాయి. మనుషులందరూ ఎక్కారు. రెండు దూడలు పోయాయి, ఇంకే నష్టం లేదు. విశ్వనాథం గారు ముసలావిడ కోళ్లగంప పట్టుకుని ఎక్కించారు. నేను కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. నూకరత్నం గారు అందరికంటే ఆఖరున, సెట్టూ పవర్ సప్లై గోనెసంచిలో చుట్టుకుని ఎక్కింది.

వరద తీశాక ఫైలు మళ్లీ కదిలింది. త్రిమూర్తులు గారు అనుబంధ నివేదిక కోసం నా సమావేశపు కాగితాలు అడిగారు. అందులో నేను అలవాటు కొద్దీ వేళలు వేసి ఉంచాను. రెసిస్టరు అతికించిన వేళ ఒంటిగంట పద్నాలుగు నిమిషాలు. తాత్కాలిక ఉత్తర్వు మీద సంతకం పడిన వేళ ఒంటిగంట ఇరవై అయిదు. అంటే పదకొండు నిమిషాల పాటు పరికరం రెండోసారి అక్రమంగా మోసపోయింది. ఆ అంకెలు నేను రాసినవే. వాటిని బట్టి నూకరత్నం గారికి 'తీవ్ర మందలింపు' వచ్చింది. సర్వీసు పుస్తకంలో అతికించిందీ నేనే.

లంకలో ప్రాణనష్టం లేదన్న వార్త పై దాకా వెళ్లింది. ఎవర్నో ఒకర్ని సత్కరించాలని అక్కడినుంచి కబురు వచ్చింది. మందలింపు ఉన్న ఉద్యోగి అర్హురాలు కాదు. వెళ్లిన మేం ముగ్గురం విషయంలో ప్రమేయం ఉన్నవాళ్లం. రికార్డులో ఏ మచ్చా లేనిది బాధిత పరికరం ఒక్కటే. గణతంత్ర దినోత్సవం నాడు పరేడ్ మైదానంలో ప్రశంసాపత్రం చదివారు. 'విపత్కర సమయమున తన స్థాయికి మించి స్వచ్ఛందముగా సేవలందించిన' అని ఉంది అందులో. పరికరం తనంతట తాను వేదిక ఎక్కలేదు కాబట్టి మోసుకెళ్లడానికి నూకరత్నం గారిని పిలిపించాం. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. దండ పెట్టె మెడలో, అంటే హ్యాండిలుకి వేశారు. జనం చప్పట్లు కొట్టారు. ఎండలో పెట్టె వేడెక్కుతుందేమోనని ఆవిడ కొంగు అడ్డం పెట్టడం చూశాను.

ఇప్పుడా పెట్టె విశ్వనాథం గారి గదిలో అద్దాల బీరువాలో ఉంది. లంకకి కొత్త పవర్ సప్లై పంపించాం. అది పన్నెండు వోల్టులది.

మే నెలలో స్టాక్ తనిఖీకి నేనే వెళ్లాను. ఏరు సన్నబడి ఇసుక మేటలు తేలాయి. నూకరత్నం గారు ఎప్పటిలాగే బోండాం ఇచ్చి కుర్చీ వేసింది. కొత్త పెట్టె బల్ల మీద ఉంది. మూత మరలు నాలుగూ కాస్త మెరుస్తున్నాయి, మర మీద స్క్రూడ్రైవరు పడితే మెరిసినట్టు.

"సర్వీసు పుస్తకంలో ఆ కాగితం నేనే అతికించానమ్మా," అన్నాను. వచ్చిన దగ్గర్నుంచీ ఆ మాటే నోట్లో మెదులుతోంది. "ఆ వేళలు వేయకపోయినా సరిపోయేది."

"మీరు చూసింది మీరు రాసేరండి," అంది ఆవిడ. కోపంగా కాదు. "మీటరు పెట్టి చూసుకుంటారా?"

మీటరు నా సంచిలోనే ఉంది.

"తేవడం మర్చిపోయానమ్మా," అన్నాను.

ఆవిడ నా సంచి వైపు ఒకసారి చూసి, వీర్రాజు చెప్పిన నీటిమట్టం పుస్తకంలో రాసుకోవడానికి అటు తిరిగింది. నేను తనిఖీ ఫారం తీశాను. పరికరం పేరు, వరస నంబరు, స్థితి నింపాను. 'కొలిచిన వోల్టులు' అన్న గడి దగ్గర కలం చాలాసేపు ఆగింది. ఆఖరికి అందులో 'సరిపడా' అని రాసి సంతకం పెట్టాను.

పై అధికారులు దాన్ని యథాతథంగా ఆమోదించారు.